చేతిలో 46 ఫారాలే ఉన్నాయి, గైడ్ 100 కావాలంటున్నారు

ఈ వారం ఉత్తరం పల్నాడు జిల్లాలోని ఒక పట్టణం నుంచి వచ్చింది. రాసింది ఎం.బి.ఏ. చివరి సెమిస్టర్ చదువుతున్న అమ్మాయి. పేరు, కాలేజీ పేరు వేయొద్దన్నారు. ఇంటర్‌లో సీఈసీ, డిగ్రీ తెలుగు మీడియం బీకాం. నాన్నగారు మిర్చి వ్యాపారి దగ్గర గుమాస్తా. ఫీజు రీయింబర్స్‌మెంట్ పోను మిగిలిన ఖర్చు మేనమామ పెట్టుకున్నారు. "ఆయన ముందు ఫెయిలయ్యానని చెప్పే పరిస్థితి రాకూడదు" అని ఉత్తరంలో రెండుచోట్ల రాశారు.

ప్రాజెక్టు అంశం చిన్న పట్టణాల కిరాణా వ్యాపారుల్లో యూపీఐ వాడకం. యజమాని వయసు పెరిగేకొద్దీ వాడకం తగ్గుతుందన్నది ఆమె హైపోతిసిస్ (పరీక్షించి చూడాల్సిన ఊహ). ఎండలో కొట్టుకొట్టుకూ తిరిగి 46 ఫారాలు నింపించారు. స్నేహితురాలి లాప్‌టాప్‌లో వయసుకూ వాడకానికీ సంబంధం ఉందో లేదో చూసే చై-స్క్వేర్ టెస్ట్ చేస్తే పి-వాల్యూ 0.31 వచ్చింది. అది చూసి గైడ్, "ఇందులో రిజల్ట్ ఏముంది? వంద ఫారాలు చెయ్యి, నల్ హైపోతిసిస్ రిజెక్ట్ అవ్వాలి" అన్నారట. అంటే 'సంబంధం లేదు' అన్న మాట తప్పని తేలాలని. గడువు అయిదు వారాలు. హాస్టల్‌లో తోటివాళ్లు "ఒక రాత్రి కూర్చుంటే మిగతా 54 మనమే నింపేయొచ్చు" అంటున్నారు. తమ్ముడేమో ఆరు వేలిస్తే మొత్తం రిపోర్టు బైండింగుతో సహా చేసిచ్చే ప్రాజెక్టు సెంటర్ నంబరు తెచ్చాడు. "రీసెర్చ్ మెథడాలజీ పుస్తకం మూడుసార్లు చదివాను మేడమ్. పరీక్షలో మార్కులు వచ్చాయి గానీ పని దగ్గరకొచ్చేసరికి ఒక్క ముక్కా అక్కరకు రావడం లేదు. నాకు లెక్కలు రావు కాబట్టే ఇలా అవుతోందా?" అని అడిగారు. ప్రశ్నావళి కాపీ కూడా జతచేశారు.

అమ్మా, ముందు చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే మిగతా భయాలన్నీ దానిమీదే నిలబడ్డాయి. కాదు, లెక్కలు రాకపోవడం వల్ల కాదు. మీకు అవసరమైన లెక్కలు చాలా కొద్ది, వాటిని పది రోజుల్లో నేర్చుకోవచ్చు. మీ ఇబ్బంది వేరే చోట ఉంది. పుస్తకం మొదట టెస్టుల పేర్లు చెబుతుంది, పని మొదట ప్రశ్న అడుగుతుంది. ఏం తెలుసుకోవాలనుకుంటున్నాను, ఎవరిని అడిగితే తెలుస్తుంది, వాళ్లు చెప్పింది నిజమని ఎలా నమ్మాలి? ఈ మూడూ తేలితే ఏ టెస్టు చేయాలో దాదాపు దానంతటదే తేలుతుంది. మీరు ఈ మూడింటిలో రెండు పనులు మీకు తెలియకుండానే బాగా చేశారు. ఎక్కడ చేశారో చెబుతాను.

ఉత్తరం మూడో పేజీలో, సాకు చెబుతున్నట్టుగా ఒక మాట రాశారు: "చాలా కొట్లలో పెద్దాయన గల్లా దగ్గర కూర్చుంటారు గానీ స్కానర్ కొడుకు అకౌంట్‌దో కోడలి అకౌంట్‌దో. డబ్బు పడిందో లేదో వాళ్ల ఫోనుకే తెలుస్తుంది. ఆయన్ని అడిగితే 'అబ్బాయినడుగమ్మా' అంటారు. అందుకని ఆ ఫారాలు సరిగా రాలేదు." ఈ నాలుగు వాక్యాలు చదివి నేను ఆగిపోయాను. మీ ప్రాజెక్టులో అన్నిటికంటే విలువైనది ఇదే, మీరేమో దాన్ని లోపం కింద రాశారు. ఒక్కసారి ఆలోచించండి. అరవై ఏళ్ల యజమాని కొట్లో యూపీఐ జోరుగా నడుస్తోంది, ఎందుకంటే అకౌంటు ఇరవై ఎనిమిదేళ్ల కొడుకుది. మీరు ఫారంలో యజమాని వయసు రాసుకున్నారు. అలాంటప్పుడు వయసుకూ వాడకానికీ సంబంధం కనిపించకపోవడంలో వింతేముంది? మీరు కొలిచింది గల్లా దగ్గర కూర్చున్న మనిషి వయసు. కొలవాల్సింది బహుశా ఫోను పట్టుకున్న మనిషి వయసు. 0.31 అన్న అంకె వెనక ఇంత కథ ఉండొచ్చు.

'ఉండొచ్చు' అని ఊరికే అనలేదు. ఇది ఇప్పటికి మీ అనుమానం మాత్రమే, రుజువు కాదు. దీన్నే మొదటినుంచీ నా హైపోతిసిస్ అని రిపోర్టులో రాస్తే అది అబద్ధమవుతుంది. మొదట ఇలా అనుకున్నాను, సర్వేలో అది కనిపించలేదు, తిరుగుతున్నప్పుడు ఈ సంగతి గమనించాను, తర్వాత దీన్ని విడిగా అడిగాను అని జరిగింది జరిగినట్టు రాస్తే అంతకంటే మంచి నాలుగో చాప్టర్ ఉండదు.

ఇప్పుడు 0.31 సంగతి. పి-వాల్యూ చెప్పేది ఇంతే: నిజంగా వయసుకూ వాడకానికీ ఏ సంబంధమూ లేదనుకుందాం. అయినా కేవలం యాదృచ్ఛికంగా మీ ఫారాల్లో కనిపించినంత తేడా, లేదా అంతకన్నా ఎక్కువ తేడా రావడానికి ఎంత అవకాశం ఉంది? వందలో 31 వంతులు. అంటే ఈ తేడాను చూసి సంబంధం ఉందని బల్లగుద్ది చెప్పలేం. సంబంధం లేదని తేలిందనీ చెప్పలేం. 'దొరకలేదు' వేరు, 'లేదు' వేరు. ఈ రెంటినీ కలిపేసే రిపోర్టులు కుప్పలుగా ఉన్నాయి, మీది వాటిలో చేరకూడదు.

పైగా ఆ చై-స్క్వేర్ టెస్ట్ మీ డేటాకు సరిపడేది కాదు. వయసును మూడు గ్రూపులు చేశారు, వాడకానికి అయిదు స్థాయిలు పెట్టారు. మూడయిదులు పదిహేను గళ్లు. 46 మందిని 15 గళ్లలో సర్దితే గడికి సగటున ముగ్గురు. ఈ టెస్టులో ప్రతి గడికీ ఒక 'ఎక్స్‌పెక్టెడ్' లెక్క ఉంటుంది, అంటే సంబంధమే లేకపోతే ఆ గడిలో ఎంతమంది పడాలన్నది. అది 5 కంటే తక్కువున్న గళ్లు మొత్తం గళ్లలో 20 శాతం దాటితే ఫలితాన్ని నమ్మొద్దన్నది అందరూ పాటించే సూత్రం. మీ పట్టికలో దాదాపు అన్ని గళ్లూ అలాంటివే. సాఫ్ట్‌వేర్ ఆ హెచ్చరికను పట్టిక కింద చిన్న అక్షరాల్లో వేసే ఉంటుంది, వెతికి చూడండి. దీనికి రెండు దారులున్నాయి. గ్రూపులను కలిపి రెండు వయసులు, రెండు స్థాయిలు చేసి చిన్న పట్టికలకు పనికొచ్చే ఫిషర్ ఎగ్జాక్ట్ టెస్ట్ చేయొచ్చు. లేదా, మీరు ఫారంలో వయసు అంకెగానే అడిగారు కాబట్టి దాన్ని ముక్కలు చేయకుండా, వయసు క్రమాన్నీ వాడకం క్రమాన్నీ పోల్చే స్పియర్‌మన్ ర్యాంక్ కోరిలేషన్ చూడొచ్చు. నా మొగ్గు రెండోదానికే, ఎందుకంటే గ్రూపులు చేసిన కొద్దీ సమాచారం పోతుంది. ఏదో ఒకటి ముందే నిర్ణయించుకుని చేయండి. కావలసిన అంకె వచ్చేదాకా వరసగా టెస్టులు మార్చుకుంటూ పోవద్దు. అసలు ఏ సంబంధమూ లేని చోట కూడా ఇరవై టెస్టులు చేస్తే సగటున ఒకటి 0.05 (సంబంధం ఉందనడానికి వాడుకగా పెట్టుకున్న హద్దు) కంటే తక్కువ చూపిస్తుంది.

ఇక 46 చాలా, 100 కావాలా? అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే చాలంటాం. గిన్నె అంతా ఒకే సెగ మీద ఉంది కాబట్టి అది చెల్లుతుంది. మీ ఊరి కొట్లు అలా ఉండవు. బస్టాండు దగ్గరి కొట్టు వేరు, పాతబజారులో ఖాతా పుస్తకం మీద నడిచే కొట్టు వేరు. అందుకే ఎన్ని అన్నదానికంటే ఏవి, ఎలా ఎంచుకున్నారు అన్నది ముఖ్యం. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక 20 లక్షలకు పైగా బ్యాలెట్లు తెప్పించుకుని రూజ్వెల్ట్ మీద పోటీ చేసిన లాండన్ గెలుస్తాడని చెప్పింది. 48 రాష్ట్రాల్లో 46 రూజ్వెల్ట్ గెలుచుకున్నాడు. టెలిఫోన్ డైరెక్టరీల నుంచీ కార్ల యజమానుల జాబితాల నుంచీ చిరునామాలు తీసుకోవడంతో, అడిగిన వాళ్లలో కలిగినవాళ్లు ఎక్కువయ్యారు. పైగా అడిగినవాళ్లలో ఎక్కువమంది జవాబే పంపలేదు. లక్షల సంఖ్య ఆ పొరపాటును కాపాడలేకపోయింది.

అంకెలు కూడా చూద్దాం. కొట్లను యాదృచ్ఛికంగా ఎంచుకుంటే, 46 కొట్లతో చెప్పే శాతానికి సాధారణంగా (వందలో 95 సార్లు) అటూఇటూ 14 శాతం దాకా తేడా రావచ్చు. 100 కొట్లయితే 10 శాతం దాకా. 5 శాతానికి తేవాలంటే 384 కావాలి. పుస్తకాల్లో కనిపించే ఆ 384 వచ్చింది ఈ లెక్కలోంచే. గైడ్ చెప్పిన 100 ఏ సూత్రం నుంచీ రాలేదు, కాలేజీల్లో వాడుకగా స్థిరపడిన అంకె. తప్పేమీ కాదు, చేయగలిగితే మంచిదే. కానీ దాని కోసం 54 దొంగ ఫారాలు పుట్టిస్తే 14 శాతం 10 కాదు. ఇక అసలు ఏ లెక్కా చెప్పడానికి వీలుండదు. చిన్న శాంపిల్‌కు సిగ్గుపడక్కర్లేదు కూడా. మీరు సిలబస్‌లో చదివిన టి-టెస్ట్ చిన్న శాంపిళ్ల కోసమే పుట్టింది. డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసే గాసెట్‌కు బార్లీ పరీక్షలు కొద్దికొద్దిగానే దొరికేవి. ఆ కొద్దిపాటి అంకెలతో ఎంతవరకు నమ్మకంగా మాట్లాడొచ్చో లెక్కగట్టి, 1908లో 'స్టూడెంట్' అనే మారుపేరుతో ప్రచురించాడు. అదీ వ్యాపార సంస్థలో చేసిన పరిశోధనే.

ఇప్పుడు మీ ముందున్న దారులు ఒక్కొక్కటే చూద్దాం.

ప్రాజెక్టు సెంటర్ సంగతి. ఆరు వేలకు అయిదు వారాల బెంగ తీరుతుందన్నది నిజమే, తమ్ముడు మీ మీద ప్రేమతోనే ఆ నంబరు తెచ్చాడు. కానీ ఆ రిపోర్టు ఎన్నోసార్లు అమ్ముడైన సరుకయ్యే అవకాశం ఎక్కువ. ఊరి పేరు మారుతుంది, పేరాలు మారవు. యూజీసీ 2018లో తెచ్చిన ప్లేజరిజం (ఇతరుల రాతను కాపీ కొట్టడం) నిబంధనల ప్రకారం విద్యార్థి సమర్పించిన థీసిస్, డిసర్టేషన్ వంటివాటిలో పోలిక 10 శాతం దాటి 40 లోపు ఉంటే సరిచేసి మళ్లీ సమర్పించాలి, అందుకు ఆరు నెలల లోపు గడువిస్తారు. 40 దాటి 60 లోపు ఉంటే ఏడాది పాటు సమర్పించనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మీ కాలేజీ ఎంత గట్టిగా అమలు చేస్తుందో నాకంటే మీకే తెలుసు. అయితే నా అభ్యంతరం పట్టుబడతారని మాత్రమే కాదు. ఎండలో మీరు సంపాదించుకున్న ఆ స్కానర్ సంగతి ఆ రిపోర్టులో ఉండదు. వైవాలో (మౌఖిక పరీక్షలో) "ఈ కొట్లు ఎలా ఎంచుకున్నారు?" అని అడిగితే వేరెవరో కల్పించిన జవాబు మీరు బట్టీపట్టి చెప్పాలి.

హాస్టల్‌లో నింపే 54 ఫారాలు. ఇందులో డబ్బు ఖర్చు లేదు, అందుకే ఎక్కువ మంది ఇటు జారిపోతారు. కల్పించిన డేటాకు కొన్ని గుర్తులుంటాయి. ఒక్క ప్రశ్నా ఖాళీగా ఉండదు. అయిదు పాయింట్ల స్కేల్‌లో అన్నీ 'అంగీకరిస్తున్నాను' చుట్టూనే తిరుగుతాయి. అసలు ఫారాల్లో 'అబ్బాయినడగాలి' అని వదిలేసిన గళ్లుంటాయి, వీటిలో ఉండవు. అనుభవమున్న ఎక్స్‌టర్నల్ (బయటినుంచి వచ్చే ఎగ్జామినర్) ఫారాల కట్ట తిరగేస్తేనే పసిగట్టొచ్చు. పట్టుబడకపోయినా నష్టం తప్పదు: మీ 46 నిజం ఫారాలు 54 అబద్ధాల్లో కలిసిపోతాయి, మళ్లీ విడదీయలేరు. 1930ల చివర్లో బెంగాల్‌లో జనపనార సాగు సర్వేలు చేసినప్పుడు ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించిన మహలనోబిస్ ఒకే ప్రాంతాన్ని రెండు బృందాలతో వేర్వేరుగా సర్వే చేయించే పద్ధతి పెట్టారు. రెండు లెక్కలూ పోల్చి చూస్తే సేకరించేవాళ్ల దగ్గర జరిగే తప్పులు బయటపడతాయి. ఆ స్థాయి సంస్థే సేకరించేవారి చేతిని అంతగా పరీక్షించుకుంది.

46తోనే సమర్పించడం మూడో దారి. చేయొచ్చు. సర్వేకు పరిమితులు రాసి, పైన చెప్పిన సరైన టెస్టు చేసి, సంబంధం కనిపించలేదని నిజాయితీగా రాయాలి. దీనికి గైడ్ ఒప్పుకోవాలి. మార్కులు కొంచెం తగ్గే ప్రమాదం ఉంది, అది దాచను. చదువుకోవడానికి ఎక్కువ సమయం మిగులుతుంది.

నాలుగోది, మళ్లీ రోడ్డెక్కడం, కాకపోతే ఈసారి పద్ధతిగా. మూడు బజార్లు ఎంచుకుని నడుచుకుంటూ కిరాణా కొట్లన్నిటికీ నోటుబుక్కులో నంబర్లు వేయండి. వీలైతే మున్సిపల్ ఆఫీసులో ట్రేడ్ లైసెన్సుల జాబితా అడిగి సరిచూసుకోండి. తర్వాత ప్రతి మూడో కొట్టుకు వెళ్లండి. ఒకటి మూసి ఉంటే పక్కదానికి వెళ్లకుండా సాయంత్రం మళ్లీ అక్కడికే వెళ్లండి. రోజుకు నాలుగైదు కొట్లైనా రెండు వారాల్లో 50 దాటుతాయి. పొద్దున బేరాల వేళ వద్దు, మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్తే మాట్లాడతారు. కొత్త ఫారంలో ఒక ప్రశ్న చేర్చండి: "ఫోన్‌పే, గూగుల్‌పే డబ్బులు ఎవరి అకౌంట్లో పడతాయి? వారి వయసెంత?" పాత 46 కొట్లకూ ఆ ఒక్క ప్రశ్నతో వెళ్లిరండి. తెలిసిన మొహమే కాబట్టి రెండు నిమిషాల పని. పాత 46 ఎలా ఎంచుకున్నారో, కొత్తవి ఎలా ఎంచుకున్నారో రిపోర్టులో విడివిడిగా చెప్పాలి.

అయిదోది నాకు ఇష్టమైనది, కానీ గైడ్‌కు నచ్చకపోవచ్చు. 46 ఫారాలు ఉంచి, వాటిలోంచే ఒక పది పన్నెండు కొట్లు ఎంచుకుని, ఒక్కో చోట అరగంట కూర్చుని మాట్లాడటం. కొడుకు అకౌంటుకు డబ్బు పోతే తండ్రికి గల్లా మీద పట్టు తగ్గిందా? హోల్‌సేల్ వాళ్లకు నగదు ఎక్కడినుంచి తెస్తున్నారు? ఉద్దెర ఖాతాలు తగ్గాయా? ఇవి టిక్కులతో తెలిసే సంగతులు కావు. చాలా కాలేజీల్లో ఇలాంటి ఇంటర్వ్యూల పనిని 'డేటా లేదు' అని తోసేస్తారు, అది మన కాలేజీల లోటు. ఫారాలూ ఇంటర్వ్యూలూ కలిపితే 'మిక్స్‌డ్ మెథడ్స్' అన్న పేరుతో పుస్తకాల్లోనే చోటుంది, గైడ్‌తో ఆ పేరుతోనే మాట్లాడండి.

ఏది ఎంచుకున్నా ప్రశ్నావళి కొంచెం దిద్దాలి. మీ ఏడో ప్రశ్న "యూపీఐ సులభంగా, సురక్షితంగా ఉందని భావిస్తున్నారా?" ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. సులభమే గానీ భయమేస్తుంది అనేవాడు ఎక్కడ టిక్కు పెట్టాలి? విడదీయండి. పన్నెండోది నెలకు యూపీఐ అమ్మకాలు ఎన్ని రూపాయలు అని. దీనికి 46లో 29 మంది జవాబివ్వలేదని రాశారు. ఇవ్వరమ్మా. 2025 జులైలో కర్ణాటకలో యూపీఐ లెక్కలు చూసి చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు వెళ్తే, బెంగళూరులో ఎందరో కొట్టు ముందు 'నగదు మాత్రమే' అని బోర్డులు పెట్టారు. అలాంటి వార్తలు మీ ఊరికీ చేరతాయి. రూపాయలు అడక్కండి. "పది మంది కొనేవాళ్లొస్తే ఎంతమంది ఫోనుతో కడతారు?" అని అడగండి, చెబుతారు. ఒక ప్రశ్నైనా తిరగేసి పెట్టండి, ఉదాహరణకు "నగదే నాకు వీలు" అని. అన్నిటికీ 'అవును' కొట్టుకుంటూ పోయేవాళ్లు అక్కడ తెలిసిపోతారు. దిద్దిన ఫారాన్ని ముందు నాలుగైదు కొట్లలో వాడి చూసి, తర్వాతే మిగతావి మొదలుపెట్టండి.

గైడ్‌గారి గురించి. ఆయన మీద కోపం తెచ్చుకోవద్దు. చేతికింద చాలామంది విద్యార్థులుంటారు, ప్రతి ఒక్కరి డేటా లోపలికి వెళ్లి చూసే తీరిక ఉండదు. అందుకే వంద, రిజెక్ట్ వంటి తేలిక గుర్తులు పట్టుకుంటారు. "మీరు చెప్పింది తప్పు సార్" అంటే మాట ముందుకు సాగదు. ఒక్క పేజీ రాసుకుని వెళ్లండి: పట్టికలో గళ్లకు మనుషులు చాలలేదు, అందుకని ఈ టెస్టు మారుస్తాను. అకౌంటు ఎవరిదన్న సంగతి గమనించాను, దాన్ని అడుగుతాను. ఇన్ని వారాల్లో ఇన్ని కొట్లు చేస్తాను. "ఇలా చేయమంటారా సార్?" అని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే మీ యూనివర్సిటీ ప్రాజెక్టు మార్గదర్శకాల్లో వంద అన్న షరతు ఉందేమో చూడండి. ఉంటే నాలుగో దారి తప్పదు. లేకపోతే హెచ్‌ఓడీని కలవొచ్చు, కానీ వైవాలో కూర్చునేది గైడే కాబట్టి ఆ మెట్టు ఎక్కేముందు ఆలోచించుకోండి. 'ఎలాగైనా రిజెక్ట్ చేసి తీసుకురా' అని పట్టుబడితే మాత్రం, డేటా ఏం చెబితే అదే రాస్తానని మర్యాదగా, స్పష్టంగా చెప్పండి.

ఇక నేర్చుకోవడం ఎలా? పుస్తకం నాలుగోసారి చదవొద్దు. మీ 46 ఫారాలు నేల మీద పరిచి, ఒక తెల్ల కాగితం మీద చేత్తో పట్టిక గీయండి. ఎవరి వయసు ఎంత, ఎంత వాడకం, అకౌంటు ఎవరిది. అలా చేత్తో చేశాక జమోవిలోనో, జాస్ప్‌లోనో ఎక్కించండి. ఈ రెండు సాఫ్ట్‌వేర్లూ ఉచితం, ఎస్.పి.ఎస్.ఎస్. కొనక్కర్లేదు. మీ పట్టికలో వచ్చిందే అక్కడా వస్తే టెస్టు మీద భయం సగం పోతుంది. మన దేశ యూనివర్సిటీల థీసిస్‌లుండే శోధగంగ వెబ్‌సైట్‌లో మీ అంశానికి దగ్గరగా ఉన్న పీహెచ్‌డీ థీసిస్‌లు రెండు తీసి, మెథడాలజీ చాప్టర్ మాత్రమే చదవండి. వాళ్లు శాంపిల్ ఎందుకు అలా తీసుకున్నారో చెప్పారా లేదా అని పెన్సిల్‌తో గుర్తుపెట్టుకుంటూ చదవండి. చెప్పనివీ ఉంటాయి, అవి చూసినా పాఠమే.

మేనమామగారి సంగతి ఒకటి మిగిలింది. ఈ నెలలోనే ఆయనకు ఫోన్ చేసి, ప్రాజెక్టులో అనుకున్నది రాలేదని, ఎందుకు రాలేదో వెతుకుతున్నానని చెప్పండి. ఫీజు కట్టిన మనిషికి చివర్లో మార్కుల మెమో చూపించడం కంటే ఇప్పుడీ మాట చెప్పడం మీకు తేలిక. ఆయనకు మీ ఊళ్లో కిరాణా కొట్టువాళ్లు తెలిసుంటే అదీ అడగండి, మూసి ఉన్నాయని మీరు వదిలేసిన కొట్ల తలుపులు రెండైనా ఆయన మాట మీద తెరుచుకోవచ్చు.